ఆ పిల్లాడిని ఏ గడిలో వేయాలి?

లెక్కల పుస్తకంలో ‘దత్తాంశ నిర్వహణ’ పాఠం గుర్తుందా? టేబుల్ వాళ్లే ఇచ్చేస్తారు. మనం గణన చిహ్నాలు గీసి, ఐదోదాన్ని అడ్డంగా కొట్టి, స్కేలు రాసి, కమ్మీలు నిలబెట్టాలి. స్కేలు మర్చిపోతే మార్కు కట్. అంతే, గ్రాఫులు వచ్చేసినట్టే!

అసలు పని మాత్రం ఆ టేబుల్ తయారవకముందే ఉంది. ట్యూషన్ చెప్పేవాళ్లు, క్లాసులు తీసుకునేవాళ్లు ఓసారి ఇది ట్రై చేయండి. ‘స్కూలుకి ఎలా వస్తున్నారు?’ అని క్లాసులో 40 మందినీ అడిగి రాసుకోమనండి. బస్సు, ఆటో, సైకిల్, నడక... నాలుగు గడులు చాలనుకుంటారు. ఈలోగా ఒకడు ‘మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కడ పల్లెవెలుగు ఎక్కుతా’ అంటాడు. ఇంకో అమ్మాయి ‘పొద్దున నాన్న బండి మీద దింపుతాడు, సాయంత్రం నడిచి వెళ్తా’ అంటుంది. వీళ్లని ఏ గడిలో వేయాలి? పిల్లలు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. ‘పొద్దున ప్రయాణమే లెక్క, ఎక్కువ దూరం దేనిమీద వస్తే అదే’ అని వాళ్లే రూల్ పెట్టుకున్నారంటే సగం పాఠం అయిపోయినట్టే.

ఇక గ్రాఫ్. కొందరు కమ్మీల కొసలన్నీ కలుపుతూ గీత లాగేస్తారు, చూడ్డానికి బాగుంటుందని. బస్సుకీ సైకిల్‌కీ మధ్య ఏముందిరా అని అడగండి. ఏమీ లేదు, కాబట్టి గీతా లేదు. అదే ‘ఎన్ని నిమిషాలు పడుతోంది?’ అని అడిగితే కథ మారుతుంది. నిమిషాల మధ్య ఖాళీ ఉండదు కదా. సోపాన చిత్రంలో కమ్మీలు అంటుకుని ఉండేది అందుకే. ఆ ముక్క చెప్పకుండా ‘హిస్టోగ్రామ్‌లో గ్యాప్ ఉండకూడదు’ అని బట్టీ పట్టిస్తే ఏం లాభం?

తరగతి అంతరం 10 నిమిషాలు పెట్టి ఒకటి, 30 పెట్టి ఇంకొకటి గీయించండి. రెండోదాంట్లో 35 నిమిషాలు పట్టే పిల్లాడూ, 58 నిమిషాలు పట్టే పిల్లా ఒకే కమ్మీలో కలిసిపోతారు. బస్సు టైమ్ మార్చమని డిపో మేనేజర్‌కి అర్జీ పెట్టాలంటే ఏ గ్రాఫ్ పట్టుకెళ్తారు?

అన్నట్టు, కమ్మీ రేఖాచిత్రం వెనక కూడా లెక్కలు దొరకని ఇబ్బందే ఉంది. 1786లో విలియం ప్లేఫేర్ వాణిజ్య లెక్కలతో ఓ అట్లాస్ వేశాడు. ఏళ్ల తరబడి ఎగుమతులు, దిగుమతులు గీతల్లో చూపించాడు. స్కాట్లండ్ దగ్గరకొచ్చేసరికి ఒక్క ఏడాది లెక్కలే దొరికాయి. ఒక్క ఏడాదికి గీత ఎలా లాగుతాం? అందుకే ఒక్కో దేశంతో జరిగిన వ్యాపారాన్ని కమ్మీలుగా అడ్డంగా పేర్చాడు. అందులో కాలం కనపడదని ఆయనకే అదంత నచ్చలేదు పాపం.

ఇంకొక్క పని మిగిలింది. 52, 54 అనే రెండు అంకెలిచ్చి, నిలువు అక్షం సున్నా నుంచి ఒకసారి, 50 నుంచి ఒకసారి మొదలుపెట్టి గీయమనండి. మొదటి గ్రాఫ్‌లో తేడా కనీకనపడనట్టు ఉంటుంది. రెండోదాంట్లో ఒక కమ్మీ ఇంకోదానికి రెట్టింపు! ఆ తర్వాత మీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న గ్రాఫ్ ఏదైనా వాళ్ల చేతిలో పెట్టి, కింద ఏ అంకె దగ్గర మొదలైందో వెతకమనండి.