భయపెట్టు నాటకములను ఆపవలెనా?



ఉత్కంఠను రేపు నాటకములు, ధారావాహికలు టెలివిజనులో రాగూడదనియు, అవి పసివారి మనస్సులను చెఱచుననియు, ప్రభుత్వమే వానిని నిషేధింపవలెననియు మనలో కొందఱు పెద్దలు వాదించుచున్నారు. వారి సదుద్దేశమును మేము శంకింపము. వారి వాదమును మాత్రము ఒప్పుకొనజాలము. ఈ తగవు నేటిది కాదు. టెలివిజను బాల్యదశలో నున్నప్పుడే ఇంగ్లండులో ఒక నాటకమును గూర్చి ఇట్టి తగవే వచ్చినది. అది యెట్లు ముగిసెనో తెలిసికొన్నచో ఈ వాదములోని లోపము బయటపడును.

1954 డిసెంబరు 12వ తేది ఆదివారము రాత్రి బి.బి.సి. ‘నైన్‌టీన్ ఎయిటీ-ఫోర్’ అను నాటకమును ప్రసారము చేసెను. దీనికి మూలము జార్జి ఆర్వెల్ వ్రాయగా 1949లో వెలువడిన నవల. ఈ ఆర్వెల్ 1903లో మన దేశమున, బీహారులోని మోతీహారిలో జన్మించినవాడు. నవలను నాటకముగ మలచినవాడు నైజెల్ నీల్. ప్రయోగించినవాడు రుడాల్ఫ్ కార్టియర్. నాయకుడైన విన్‌స్టన్ స్మిత్ పాత్రను ధరించినవాడు పీటర్ కుషింగ్. ముందుగ తీసియుంచిన కొన్ని ఫిలిము భాగములు తప్ప, తక్కినదంతయు నటులు స్టూడియోలో ఆడుచుండగనే ఇండ్లలో కనుపించెను.

ప్రజల మాటలను, చేతలను, తుదకు తలంపులను గూడ కనిపెట్టు ప్రభుత్వమునకు మనస్సులో లోబడని ఉద్యోగి యొకడు పట్టుబడుటయే కథ. వాడు అన్నిటికంటె ఎక్కువగ జడియు ఎలుకలను బోనులో పెట్టి ముఖము దగ్గఱకు తెత్తురు. అవి కఱవకముందే వాడు, తాను ప్రేమించిన స్త్రీని ఆ శిక్షకు గుఱిచేయుడని కేకలు వేయును. ఆ ఘట్టమున భయమంతయు జరుగబోవుదానిని గూర్చినదే. నెత్తురు చూపి జడిపించుట వేఱు. భయము మనుష్యుని ఎంతకు దిగజార్చునో చూపుట వేఱు. నిషేధవాదులు ఈ రెంటిని ఒకే గాట కట్టుచున్నారు.

ప్రసారము ముగియగనే ఫిర్యాదులు వెల్లువెత్తెను. పార్లమెంటు సభ్యులలో కొందఱు బి.బి.సి.ని ఖండించిరి, మఱికొందఱు దాని పక్షము వహించిరి. ఆ గురువారము, అనగా 16వ తేదీన, అదే నాటకమును నటులు మరల ఆడవలసి యుండెను. ఆపవలెనని ఒత్తిడి కలిగినను బి.బి.సి. పాలకవర్గము వెనుదీయలేదు. నాటకము రెండవసారియు ప్రసారమయ్యెను.

వ్యాపారులము గనుక మేము దీనికి జమాఖర్చు వ్రాసి చూచితిమి. మొదటి రాత్రి ప్రదర్శన నేడు లేదు, గాలిలో కలిసిపోయినది. ఫిలిముపై నిలిచి నేటికిని చూడదగియున్నది రెండవ ప్రదర్శనయే. ఆనాడు నిషేధవాదులు నెగ్గియుండినచో మనకు మిగులునది సున్న. అదే నాటకమును 2000లో బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ వారు తమ దేశపు ఉత్తమ టెలివిజను కార్యక్రమములు నూటిలో ఒకటిగ ఎన్నిరి. జడిసినవారి జడుపు ఒక రాత్రితో పోయినది. నిషేధించినచో కలుగు నష్టము ఎన్నటికిని తీరెడిది కాదు.

నచ్చని సరకును కొనకుండు హక్కు ప్రతివానికి గలదు. కాని తనకు నచ్చలేదని అంగడినే మూయింపుమనువాడు తక్కిన కొనుగోలుదారుల హక్కును హరించుచున్నాడు. టెలివిజనుకు మీట యున్నది. ఆ మీట తల్లిదండ్రుల చేతిలో నుండవలెనే కాని అధికారుల చేతిలో కాదు. పిల్లలు నిదురించిన వేళకు ప్రసారము చేయుడనుట, ముందుగ హెచ్చరిక చేయుడనుట న్యాయము. దానికి మేమును సమ్మతింతుము. అంతకుమించిన కోరిక అన్యాయము.

అన్యభాషా ప్రాంతములలో తరతరములుగ తెలుగును కాపాడుకొనుచున్న మనకు ఈ నాటకమున మఱియొక హెచ్చరిక గలదు. ఇందు సైమ్ అను పాత్ర నిఘంటువును ఏటేట కుదించు పనిలో నుండును. మాటలు తగ్గినచో తలంపులును తగ్గునని ఆ ప్రభుత్వపు లెక్క. బడిలో ఒక భాష, బజారులో మఱియొక భాష వినుచు, ఇంట అవ్వ వాడిన మాటలు ఒక్కొక్కటే జాఱిపోవుట చూచుచున్న మన కుటుంబములకు ఆ సంగతి ఇంకొకరు విప్పి చెప్పవలెనా? ఎలుకలకు జడిసి ఆ నాటకమును పాతిపెట్టియుండినచో ఈ హెచ్చరికయు దానితోనే పూడిపోయెడిది.

కావున నిషేధమును కోరు విన్నపములు తమ వద్దకు వచ్చినప్పుడు మన కుటుంబములవారు వానిపై సంతకము చేయవలదని మా మనవి. పిల్లలతో కూర్చుండి చూడుడు. తగనిదైనచో మీట నొక్కుడు. తగినదైనచో వారితో చర్చింపుడు. పెద్దలు చేయవలసిన కాపుదల ఇదియే.