థాయి వారి సహపంక్తి

క్రిందటి మాసమున విదేశయాత్రకు సామానెట్లు సర్దుకొనవలయునో ముచ్చటించితిమి. ఆ సామానులో మొదట చేరునవి ఆవకాయ సీసాయు, కందిపొడి డబ్బాయు అని మన సోదరీమణులందఱును ఎఱిగినదే. దంపతులము మేమిరువురమును థాయిలాండునకు వెడలినపుడు వానిని తీసికొనియే పోతిమి. అయినను పది దినములలో ఆ డబ్బా మూత రెండుమార్లు మాత్రమే తెఱచితిమి. అక్కడి వంట రుచి అందుకొక కారణము. ఆ వంటను వారు భుజించు తీరు అంతకంటె పెద్ద కారణము.

1939 వఱకు సయామని పేరొందిన ఈ దేశమున మన చెవికి పరిచితములగు మాటలు అడుగడుగునను వినబడును. చేతులు జోడించి వారు పలుకు 'సవాత్‌డీ' మన 'స్వస్తి'నుండి వచ్చినది. ఏప్రిలు 13 మొదలు 15 వఱకు జరుపుకొను 'సోంక్రాన్' పండుగ పేరు మన 'సంక్రాంతి'యే. ఆ దినములలో పిన్నలు పెద్దల చేతులపై పరిమళజలము పోసి దీవెనలు పొందుదురు. బ్యాంకాకులో రాజప్రాసాదము చెంతనున్న మరకత బుద్ధుని ఆలయమున, ప్రాకారపు గోడలపై వారి రామాయణమగు 'రామకియన్' 178 ఘట్టములుగా చిత్రింపబడియున్నది. ఆ కథలోని హనుమంతుడు బ్రహ్మచారి కాడు. ప్రేయసులు పెక్కురు కలవాడు. ఈ సంగతి వినిన మావారు కొంతసేపు మౌనము వహించిరి!

ఇక వంటయింటి మాట. ఉప్పు, పులుపు, తీపి, కారము, ఈ నాలుగును ఒకదానినొకటి మింగివేయక సరితూగవలెననుట వారి పాకమునకు మూలము. పులుపునకు నిమ్మయు చింతపండును, తీపికి తాటిబెల్లమును, కారమునకు మిరపయు వాడుదురు. మనకు క్రొత్తగా తోచునవి నిమ్మగడ్డి, అల్లమును పోలిన దుంపరాష్ట్రము, మగ్రూత్ అను గరుకుకాయల నిమ్మచెట్టు ఆకులు. వీనినన్నిటిని చేర్చి కూరల ముద్దను ఱాతిరోటిలో నూఱుదురు. పచ్చి బొప్పాయితో చేయు 'సోమ్ తమ్' అను పచ్చడిని మాత్రము మట్టిరోటిలో కఱ్ఱ రోకలితో దంచుదురు.

ఆ పచ్చడి మన యిండ్లలో సులభముగా చేసికొనదగినది. వెల్లుల్లి రెబ్బలు రెండు, పచ్చిమిరపకాయలు రెండు కచ్చాపచ్చాగా దంచి, త్రుంచిన అలసందకాయలు నాలుగు వేసి నలుపవలెను. తాటిబెల్లము ఒక చెంచా, నిమ్మరసము రెండు చెంచాలు, తగినంత ఉప్పు చేర్చి, బెల్లము కరగిన పిదప సన్నగా పొడవుగా తరిగిన పచ్చి బొప్పాయి రెండు గుప్పిళ్లును, కొన్ని టొమాటో ముక్కలును వేసి, ఒక చేత గరిటెతో త్రిప్పుచు రెండవ చేత మెల్లగా దంచవలెను. బొప్పాయి నలుగవలెను గాని నుగ్గు కారాదు. పైన వేయించిన వేరుసెనగపప్పు చల్లవలెను. గర్భవతులకు పచ్చి బొప్పాయి తగదు. వారికై కీరదోసకాయతో చేయవచ్చును.

మావంటి శాకాహారులకు అచ్చటి చిక్కు 'నామ్ ప్లా' అను చేపనీరు. ఉప్పునకు మాఱుగా దానిని కూరలలో విరివిగా పోయుదురు. మాంసము వలదన్నంత మాత్రమున అది ఆగదు. 'మంగ్‌సవిరత్' అని చెప్పవలెను. అది మన 'మాంసవిరతి' పదమే. ఆ మాట విన్నను గ్రుడ్డు వేయుదురు గనుక గ్రుడ్డును చేపనీరును వలదని విడిగా చెప్పుట మేలు. పసుపుపచ్చ జెండాపై ఎఱ్ఱని అక్షరములతో 'జే' అని వ్రాసిన అంగళ్లలో మాంసము, చేప, గ్రుడ్డు మాత్రమే కాదు, ఉల్లి వెల్లుల్లులు సైతము ఉండవు.

ఇప్పుడు అసలు ముచ్చట. మేము అద్దెకు దిగిన యింటి యజమానురాలు ఒకనాటి సాయంకాలము 'కిన్ ఖావ్ రూ యాంగ్?' అని అడిగెను. 'అన్నము తింటిరా?' అని దాని యర్థము. మన పల్లెలలో 'భోజనములైనవా?' అన్నట్లు కుశలప్రశ్నగా వాడుదురు. లేదనగా తమతో కూర్చుండబెట్టుకొనెను. వండినది ఆమెయే. అన్నము, కూరలు, పులుసు, వేపుడు ఒక్కసారిగా బల్ల నడుమ నుంచి, మాకై వేఱుగ వండిన రెండింటిని మా వైపు జరిపి, అందఱను పిలిచి, తానును కూర్చుండెను. ఎవరి పళ్లెములో వారు అన్నము పెట్టుకొని, నడుమనున్న గిన్నెలనుండి ఒక్కొక్కమాఱు ఒకటి రెండు చెంచాలు మాత్రమే తీసికొనిరి. కూరలను వారు 'కప్ ఖావ్' అందురు. 'అన్నముతోడివి' అని భావము. ముందిది, వెనుకది యను వరుస లేదు. వరుస లేదు గనుక వడ్డించువారితో పని లేదు. భోజనము ముగియువఱకు ఆ యిల్లాలు కుర్చీ విడిచి లేవలేదు.

మన విస్తరికి వరుస కలదు: పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు. ఒకటి ముగియగనే మఱియొకటి వచ్చుటకు ఒకరు నిలిచి వడ్డింపవలెను. ఆ నిలుచువారెవరో చెప్పనక్కఱలేదు. అందఱును లేచిన పిమ్మట ఆమె చల్లారిన అన్నమును, గిన్నె అడుగున మిగిలిన కూరను తినును. కూర మిగులకున్న పచ్చడితో సరిపెట్టుకొనును. కొసరి వడ్డించు చేతిని మేము తక్కువ చేయము, అది ప్రేమయే. కాని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. కారణములు పెక్కు, మిగిలినది తినుట యను అలవాటు వారికి మేలు చేయదనుటకు మాత్రము వైద్యుడు రానక్కఱలేదు.

తిరిగివచ్చినది మొదలు మా యింట రాత్రి భోజనమునకు గిన్నెలన్నియు నడుమనే యుండును. మావారు తొలి దినములలో పెరుగునకై వంటయింటి వైపు చూచెడివారు. ఇప్పుడు తామే గిన్నె అందించుచున్నారు. అత్తమామలు, మఱదులు గల పెద్ద కుటుంబములలో నిత్యమును ఇది సాగకపోవచ్చును. వారమునకొక పూటయైనను మొదలిడుడు. వేడి అన్నములో తొలి ముద్ద అందఱితోపాటు మీరును తినుడు. ఆ రుచి యెట్లున్నదో మాకు వ్రాయుడు.