నెమ్ముకు స్కానింగు: పల్లెకు చేరేదెలా?

పసిబిడ్డకు నెమ్ము చేసిందేమో తేల్చుకోవడానికి ఎక్స్‌రే కోసం పట్నానికి పరుగెత్తడం పల్లెవాసులకు కొత్త కాదు. గర్భిణులకు వాడే స్కానింగు యంత్రంతో, బిడ్డను మంచం మీద నుంచి కదల్చకుండానే ఊపిరితిత్తులు చూసే పద్ధతి ఇప్పుడున్నది. ఇందులో రేడియేషన్ ఉండదు. గాలి నిండిన ఊపిరితిత్తిలోకి ధ్వని తరంగాలు చొరబడవు. నెమ్ము పట్టి గట్టిపడిన భాగం అంచున ఉంటే తెరపై కనిపిస్తుంది. లోతున ఉంటే దొరకకపోవచ్చు.

అయితే ఈ చిన్న యంత్రాన్ని చేతపట్టుకుని ఊరూరా తిరగడానికి వీల్లేదు. గర్భంలోని శిశువు ఆడో మగో చెప్పడాన్ని నిషేధించిన 1994 నాటి చట్టం కింద స్కానింగు యంత్రాలన్నీ నమోదు కావాలి. 2012లో చేర్చిన నిబంధన ప్రకారం చేతి యంత్రాన్ని నమోదైన ఆసుపత్రి ఆవరణలో గాని, నమోదైన సంచార వైద్య వాహనంలో గాని మాత్రమే వాడాలి. ఆడపిల్లల ప్రాణాలు కాపాడే ఆ కట్టడిని సడలించమనడం సబబు కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే యంత్రం నమోదు చేయించి, డాక్టరుకు శిక్షణ ఇప్పించడమే మార్గం.

స్కానింగు లేదని చికిత్స ఆపరాదు. నిమిషానికి శ్వాసలు రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40కి చేరినా, డొక్కలు ఎగరేసినా, పాలు మానినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.