మందుకు మందు తోడైతే

లెక్క కాగితం మీద ముచ్చటగానే ఉంది. ఐడెలాలిసిబ్ క్యాన్సర్ కణం బతకడానికి ఆధారపడే ఎంజైమును అడ్డుకుంటుంది. లెనలిడోమైడ్ రోగనిరోధక కణాలను ఉసిగొల్పుతుంది. రిటుక్సిమాబ్ బి-కణాల మీది సీడీ20 గుర్తును పట్టేసుకుంటుంది. మూడూ విడివిడిగా లింఫోమా మీద ఫలితం చూపినవే. కలిపి ఇస్తే? 2013లో అమెరికాలోని అలయెన్స్ పరిశోధక బృందం తిరగబెట్టిన మాంటిల్ సెల్, ఫాలిక్యులర్ లింఫోమా రోగుల్లో ఈ సంగతి తేల్చుకోవాలనుకుంది.

మొదటి ఎనిమిది మందిలో నలుగురు తీవ్రంగా దెబ్బతిన్నారు. మందులు మొదలుపెట్టిన 9 నుంచి 20 రోజుల మధ్య ఒకరికి సెప్సిస్ లాంటి పరిస్థితి, ఒకరికి బీపీ పడిపోయి ఒళ్లంతా దద్దుర్లు, మరొకరికి జ్వరంతోపాటు కాలేయం దెబ్బతినడం, ఇంకొకరికి ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. రిటుక్సిమాబ్ తీసేసి చూశారు. అయినా లాభం లేకపోయింది. 11 మందితోనే ట్రయల్ మూసేశారు.

దీన్ని వైఫల్యం అనడం తొందరపాటు. తొలి దశ ప్రయోగం ముందు చూసేది రోగం తగ్గిందా అని కాదు, మనిషి తట్టుకున్నాడా అని. మామూలు పద్ధతిలో ముగ్గురికి ఒక డోసు ఇస్తారు. ఎవరికీ ఏమీ కాకపోతే తర్వాతి ముగ్గురికి పెంచుతారు. ఒకరికి ఇబ్బంది వస్తే అదే డోసును మరో ముగ్గురికి ఇచ్చి చూస్తారు. ఇద్దరికి వస్తే అక్కడితో ఆపేస్తారు. ఒక్క మందైతే ఇది తేలికే. రెండు మూడు కలిసినప్పుడు దోషం దేనిదో చెప్పడం కష్టం. పైగా అరుదైన జబ్బుల్లో రోగులే దొరకరు.

కొన్నిసార్లు తెలివి కలపడంలో కాదు, తీసెయ్యడంలో ఉంటుంది. టీ-కణ లింఫోమాకు దశాబ్దాలుగా వాడుతున్న, నాలుగు మందులు కలిసిన చాప్ కీమోలోని విన్‌క్రిస్టిన్ నరాలను దెబ్బతీస్తుంది. బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్ అనే మరో మందుకూ అదే గుణం ఉంది. అందుకే విన్‌క్రిస్టిన్‌ను పక్కనపెట్టి, మిగతా మూడింటికి దీన్ని జతచేశారు. ముందు 26 మందిలో పరీక్షించారు. ఆ తర్వాత 452 మందితో జరిగిన మూడో దశ ట్రయల్‌లో ఈ జోడింపే చాప్‌ను మించింది. 2018 నవంబరులో అమెరికా అనుమతించింది.

రోమిడెప్సిన్ అనే మందు కథ వేరు. దాన్ని చాప్‌కు చేర్చి 421 మందితో మూడో దశకు వెళ్లారు. దుష్ప్రభావాలు పెరిగాయి గానీ, జబ్బు అదుపులో ఉండే కాలం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. 2021లో పెరిఫెరల్ టీ-కణ లింఫోమాకు అమెరికాలో ఆ మందుకున్న అనుమతిని కంపెనీయే వదులుకుంది.

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ట్రయల్ సూచిస్తే, సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందు డాక్టరును ఒక్క మాట అడగండి: ఈ డోసు ఇంతకుముందు ఎంతమంది తీసుకున్నారు, వాళ్లకేమైంది?