పొద్దుగూకినంక తెరిచే దవాఖాన కావాలి

తొర్రూరు చుట్టుపక్కల ఊళ్లవాళ్లం, తండాలవాళ్లం కలిసి ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. మా మొదటి పేచీ దవాఖాన వేళలతో. పత్తి ఏరడానికో నాట్లకో పోయే మనిషి పొద్దున్నే సద్ది కట్టుకొని బయలుదేరితే తిరిగొచ్చేది పొద్దుగూకే వేళకు. అప్పటికి ఓపీ అయిపోతుంది. బీపీ చూపించుకోవాలంటే ఒకనాటి కూలి పోవాలి, పైన ఆటో కిరాయి. అందుకే వాయిదా వేస్తారు. దీన్ని అవగాహన లేకపోవడం అంటారు అధికారులు. లెక్క చూసుకొనే మానేస్తున్నారని మేమంటాం.

2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. రెండూ ప్రాణాలు నిలబెట్టాయి, కాదనం. 2016లో మన మండలం మహబూబాబాద్ జిల్లాలో కలిసినా పక్షవాతమొస్తే పరుగు వరంగల్ ఎంజీఎంకే. మరి అంతకుముందు ఏళ్ల తరబడి ఆ మనిషి బీపీ ఎవరు చూసుకున్నారు? మా ఊరి పెద్దమ్మ ఒకామె కొంగుముడిలో బీపీ గోలీల పట్టీ, అమ్లోడిపిన్, ఉంది. పదింటిలో నాలుగు మింగింది, తల తిరగడం తగ్గిందని ఆపేసింది. రోజూ వేసుకోవాల్సిన గోలి అని ఆమెకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. మా ఉద్యమం ఆ మిగిలిన ఆరు గోలీల గురించి.

ఆర్‌ఎంపీని తిట్టడం తేలిక. రాత్రి తలుపు కొడితే లేచేది ఆయనే, ఉద్దెర పెట్టేదీ ఆయనే. ఆయన ఎక్కించే సెలైన్, గుచ్చే స్టెరాయిడ్ మాకొద్దు. ఆయన వేళలు మాత్రం సర్కారు దవాఖాన నేర్చుకోవాలి.

మైదానంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది సర్కారు పెట్టుకున్న ప్రమాణమే. అది వారంలో రెండు సాయంత్రాలైనా తెరిచి ఉండాలి. బీపీ, షుగర్ గోలీలు నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వాలి. పాముకాటు మందు వానలు పడకముందే పీహెచ్‌సీకి చేరాలి. ఇంటింటి పనంతా ఆశా అక్కల నెత్తిన పెట్టి వాళ్లను వలంటీర్లనడం మాకు నచ్చలేదు, జీతం ఇవ్వాలి. మా దారి కొత్తదేం కాదు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970 నుంచి ఆరోలే డాక్టర్ దంపతులు చదువురాని ఆడవాళ్లకు తర్ఫీదునిచ్చి ఊరి వైద్యం నడిపించారు. మన దగ్గర పిల్లల డాక్టరు రామనాధం వైద్యాన్నీ పౌరహక్కులనూ వేరు చేసి చూడలేదు; 1985లో ఆయన్ని కాల్చి చంపారు.

ముందుగా ఊరికిద్దరం బీపీ మిషన్ పట్టడం నేర్చుకుంటాం. మందులు మేమివ్వం. ఎవరి గోలీలు ఎప్పుడు అయిపోతాయో నోటుబుక్కులో రాస్తాం. స్టాకు లేదన్న రోజున ఆ బుక్కు పట్టుకొని పీహెచ్‌సీకి పోతాం. డాక్టరు మీద అరవడానికి కాదు, ఇండెంటు ఎక్కడ ఆగిందో ఆయన్ని వెంటబెట్టుకొని జిల్లా ఆఫీసులో అడగడానికి.