పరుగు చంపలేదు, రోడ్డు చంపింది

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ల వయసులో గుండెపోటుతో మరణించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 21న ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్లకే హఠాత్తుగా కన్నుమూశారు. ఇద్దరూ వ్యాయామంపై శ్రద్ధ ఉన్నవారే. ఆ రెండు సందర్భాలలోనూ నా ఫోనుకు వచ్చిన సందేశాలు ఒకే మూసలో పోసినట్లున్నాయి. “చూశారా డాక్టరుగారూ, అంత కసరత్తు చేసినవారికే ఇలా అయితే మనమెంత? ఈ వయసులో మీకెందుకండీ ఈ పరుగులు?” అడిగినవారిలో నా మేలు కోరేవారు ఉన్నారు. తమ సోమరితనానికి వైద్యుడి సంతకం కోరేవారూ ఉన్నారు. రెండో వర్గం వారే ఎక్కువని నా అనుమానం.

ఉద్యోగ విరమణ తరువాత వారానికి నాలుగు రోజులు పరుగెత్తడం అలవాటు చేసుకున్న సామాన్యుణ్ణి నేను. పతకాలు గెలిచే వేగం నాకు లేదు, ఆ కోరికా లేదు. అయితే ఈ “మనమెంత” అనే మాట మన ఇళ్లలో ఒక సిద్ధాంతంగా స్థిరపడిపోతోంది. కొడుకు మైదానానికి వెళ్తానంటే తల్లి అడ్డుపడుతోంది. మధుమేహం ఉన్న తండ్రి నడక మానేసి, దానికి ఒక నటుడి మరణాన్ని కారణంగా చూపుతున్నాడు. కనుక దీనికి సమాధానం చెప్పకుండా ఊరుకోవడం సరికాదు.

వ్యాయామశాలలో ఒకరు కుప్పకూలితే సీసీ కెమెరా దృశ్యం మూడు రోజుల పాటు అన్ని చానళ్లలోనూ తిరుగుతుంది. సోఫాలో కూర్చుని, టీవీ చూస్తూ, చేతిలో మిక్చర్ పొట్లంతో పోయినవారి దృశ్యం ఎవరైనా ప్రసారం చేశారా? అటువంటి మరణాలకు వార్తావిలువ లేదు. నా ఉద్యోగ జీవితంలో ఛాతీ పట్టుకుని అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చినవారిలో అత్యధికులు ఆ రోజు ఇంటి మెట్లు తప్ప మరేమీ ఎక్కనివారే. వారి గురించి ఎవరూ “చూశారా, కూర్చోవడం ఎంత ప్రమాదమో” అనలేదు.

కూర్చోవడం ప్రమాదమన్న సంగతి కొత్తదేమీ కాదు. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ బస్సుల డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూశాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే పొగ, దాదాపు ఒకే తరగతి జీవితం. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లు ఎక్కి దిగుతుంటాడు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగానూ, డ్రైవర్లలో ఎక్కువగానూ కనిపించింది. (హైదరాబాదులో రెండంతస్తుల బస్సులు ఎక్కిన తరానికి ఆ ఇరుకు మెట్లు గుర్తుండే ఉంటాయి, ఆ కండక్టర్లు తమకు తెలియకుండానే రోజూ ఒక కొండ ఎక్కేవారు.) మోరిస్ తన పరిశోధనను తానే నమ్మి, పరుగు మొదలుపెట్టి, 99 ఏళ్లు బతికి 2009లో మరణించాడు.

ఇక పరుగు పందేలలో గుండె ఆగిపోవడం గురించి. అమెరికాలో 2000 నుంచి 2010 వరకు మారథాన్, హాఫ్ మారథాన్ పరుగెత్తిన కోటీ తొమ్మిది లక్షల మందిని లెక్కవేస్తే, గుండె ఆగినవారు 59 మంది. అంటే సుమారు 1,84,000 మందికి ఒక్కరు. ఆ లెక్కను అదే బృందం 2010 నుంచి 2023 వరకు పొడిగించి చూసింది. ఈసారి పరుగెత్తినవారు రెండు కోట్ల తొంభై లక్షలకు పైగా, గుండె ఆగినవారు 176 మంది. రేటు దాదాపు మారలేదు. మరణాల రేటు మాత్రం సగానికి పడిపోయింది. పరుగెత్తేవారి గుండెలు ఆ పదేళ్లలో బలపడి ఉంటాయనుకుంటే పొరపాటు. దారి పొడవునా సీపీఆర్ తెలిసినవారు, విద్యుత్ షాక్ ఇచ్చి గుండెను తిరిగి కొట్టించే ఏఈడీ యంత్రాలు అందుబాటులోకి వచ్చాయి, అంతే. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

అయితే ఎదుటివారి వాదనలో నిజం పాలు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ వాట్సాప్ వైద్యుణ్ణే అవుతాను. అలవాటు లేని ఒంటికి హఠాత్తుగా పెట్టిన శ్రమ ప్రమాదకరమే. 1993లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం గుండెపోటు వచ్చిన 1,228 మందిని ప్రశ్నించి, తీవ్ర శ్రమ చేసిన గంటలో గుండెపోటు ముప్పు ఎన్ని రెట్లు పెరుగుతుందో లెక్కగట్టింది. వారానికి ఐదుసార్లు లేదా అంతకు మించి వ్యాయామం చేసేవారిలో అది 2.4 రెట్లు. వారానికి ఒక్కసారి కూడా చేయనివారిలో 107 రెట్లు! మన దేశంలోనూ, 18 నుంచి 45 ఏళ్ల వారి ఆకస్మిక మరణాలపై ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన అధ్యయనం, మరణానికి ముందు 48 గంటలలో మితిమీరిన మద్యపానం, తీవ్రమైన శారీరక శ్రమ, అంతకు మునుపు కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, కుటుంబంలో ఆకస్మిక మరణాల చరిత్ర వంటివాటితో ముప్పు ముడిపడి ఉందని చెప్పింది. టీకా రెండు డోసులు తీసుకున్నవారిలో ముప్పు తగ్గిందని కూడా చెప్పింది. టీకాయే చంపుతోందని ప్రచారం చేసేవారు ఆ వాక్యాన్ని మాత్రం ఎందుకో చదవరు.

ఆ 107కూ, 2.4కూ మధ్య ఉన్న దూరమే నా వాదనంతా. ఏళ్ల తరబడి కదలని మనిషి, పుట్టినరోజు నాడు స్నేహితులు రెచ్చగొడితే, పోటీకి దిగి పది కిలోమీటర్లు పరుగెత్తడం వ్యాయామం కాదు, జూదం. ఆరు నెలల పాటు నడిచి, నడకలో పరుగు కలిపి, పరుగును మెల్లగా పెంచుకున్నవాడి సంగతి వేరు. 40 దాటినవారు, మధుమేహం, రక్తపోటు, పొగతాగే అలవాటు, ఇంట్లో గుండెజబ్బుల చరిత్ర ఉన్నవారు తీవ్ర వ్యాయామం మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి కలవాలి. శ్రమలో ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం వస్తే అక్కడే ఆగాలి. ‘గ్యాస్’ అని సోడా తాగి మళ్లీ పరుగెత్తినవారిని చూశాను. అందరూ తిరిగి ఇంటికి వెళ్లలేదు.

మోకాళ్లు అరిగిపోతాయన్న భయానికి ఎక్కువ స్థలం ఇవ్వను. అనేక అధ్యయనాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణలో సరదాగా పరుగెత్తేవారిలో తుంటి, మోకీలు అరుగుదల 3.5 శాతం, అసలు పరుగెత్తనివారిలో 10.2 శాతం. పోటీస్థాయి పరుగువీరులలో మాత్రం 13.3 శాతం. మీరూ నేనూ ఒలింపిక్స్‌కు వెళ్లడం లేదు కాబట్టి నిశ్చింతగా ఉండవచ్చు.

ఇప్పుడు పరుగు పేరిట వ్యాపారం చేస్తున్నవారి దగ్గరకు వద్దాం. ఊరూరా ‘రన్’లు పుట్టుకొచ్చాయి. సంతోషమే. కానీ నేను పాల్గొన్న ఒక పది కిలోమీటర్ల పరుగు ఎలా జరిగిందో చెబుతాను. నిర్వాహకుల పేరు అనవసరం. ఏప్రిల్ నెల. ఆరింటికి మొదలు కావలసినది ముఖ్య అతిథి రాలేదని ఏడున్నరకు మొదలైంది. అప్పటిదాకా చెవులు చిల్లులు పడే పాటలు, జనంతో గెంతులు. సగం మంది అక్కడే అలసిపోయారు. ఏడో కిలోమీటరు దగ్గర నీళ్లు అయిపోయాయి. అంబులెన్సు ప్రారంభ వేదిక పక్కన, ఫొటోలలో కనబడేలా నిలబెట్టారు. దారిలో ఎక్కడా లేదు. ఏఈడీ ఉందా అని ఒక వాలంటీరును అడిగితే, “సర్, అది టీషర్టుల కౌంటర్లో అడగండి” అన్నాడు. ఆ కుర్రవాడి తప్పేమీ లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. అందరికీ మెడలో వేలాడే పతకం మాత్రం దక్కింది. ఆ పతకాల ఖర్చులో కొంత భాగంతో నాలుగు యంత్రాలు అద్దెకు తెచ్చి, యాభై మంది వాలంటీర్లకు సీపీఆర్ నేర్పించవచ్చు. రుసుము కట్టే ముందు మీరూ ఈ ప్రశ్న అడగండి. సమాధానం లేకపోతే కట్టకండి.

ఇదంతా ఒక ఎత్తు. 2025 జులై 14న వచ్చిన వార్త మరొక ఎత్తు. ఫౌజా సింగ్ చనిపోయారు. 1911లో పంజాబు పల్లెలో పుట్టిన రైతు. ఐదేళ్లు వచ్చే దాకా సరిగా నడవలేకపోయిన పిల్లవాడు. భార్యను, కొడుకును పోగొట్టుకున్న దుఃఖం నుంచి బయటపడటానికి 89వ ఏట పరుగును ఆశ్రయించి, 2000లో లండన్ మారథాన్ పరుగెత్తారు. 2003లో టొరంటోలో 42 కిలోమీటర్లను 5 గంటల 40 నిమిషాలలో పూర్తి చేశారు. 2011లో, నూరేళ్ల వయసులో, అదే టొరంటోలో మళ్లీ మారథాన్ ముగించారు. జనన ధ్రువీకరణ పత్రం లేదని గిన్నిస్ వారు దానిని రికార్డుగా అంగీకరించలేదు. 1911లో పంజాబు పల్లెలో ఎవరు ఇస్తారు ఆ పత్రం?

అంతటి మనిషిని గుండె చంపలేదు, మోకాళ్లు చంపలేదు, 114 ఏళ్ల వార్ధక్యం కూడా చంపలేదు. సొంత ఊరు బియాస్ పిండ్ దగ్గర జలంధర్–పఠాన్‌కోట్ రహదారిని దాటుతుంటే కారు ఢీకొట్టింది. కొట్టిన బండి ఆగకుండా వెళ్లిపోయింది.

మన దగ్గర మాత్రం? 2023 జులైలో హైదరాబాద్ శివార్లలోని బండ్లగూడ ప్రాంతంలో ఉదయపు నడకకు బయలుదేరిన తల్లినీ కూతురినీ అదుపుతప్పిన కారు వెనుక నుంచి వచ్చి బలితీసుకుంది. వారు రోడ్డు మధ్యలో లేరు, అంచునే ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాద మృతులు 1,68,491 మంది. వారిలో 32 వేలకు పైగా పాదచారులే. రోజుకు దాదాపు 90 మంది. అమెరికాలో కోటి మందికి పైగా పరుగెత్తితే పదేళ్లలో గుండె ఆగి మరణించినవారు 42 మంది. మన వీధులు సగం రోజులో అంతమంది పాదచారులను మింగుతున్నాయి. అయినా మనం భయపడేది పరుగుకు!

2022 నాటికి భారతీయ వయోజనులలో 49.4 శాతం మందికి తగినంత శారీరక శ్రమ లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. 2000లో అది 22.3 శాతం. స్త్రీలలో 57 శాతం. ఈ అంకెలు వెలువడగానే ఉపన్యాసాలు మొదలయ్యాయి: ప్రజలకు బద్ధకం పెరిగింది, స్త్రీలకు ఆరోగ్య స్పృహ లేదు అని. చీకటి వీధిలో, కుక్కల మధ్య, దీపం లేని స్తంభాల కింద, వెకిలి మాటలు వింటూ ఐదింటికి నడకకు వెళ్లమని ఏ ఇల్లాలికి చెబుతారు? ఆరు దాటితే పిల్లల క్యారేజీలు, ఏడు దాటితే ట్రాఫిక్కు. ఇందులో స్పృహ లోపం ఎవరిదో ఆలోచించండి.

ప్రభుత్వాలకు ఆరోగ్యం అంటే ఉత్సవం. 2019 ఆగస్టు 29న ఫిట్ ఇండియా ఉద్యమం ప్రారంభమైంది. 2025 జూన్ 21న విశాఖ తీరంలో లక్షల మందితో యోగా చేయించి ప్రపంచ రికార్డు సాధించారు. యోగా మంచిదే, నేనూ చేస్తాను. కానీ ఆ లక్షల మంది జూన్ 22న ఎక్కడ నడిచారు? ఆ విశాఖలోనే బీచ్ రోడ్డును తెల్లవారుజామున కొంతసేపు వాహనాలకు మూసి నడిచేవారికి వదిలేస్తారు. దానికి రికార్డు రాదు, బెలూన్లు ఎగరవు. నా దృష్టిలో ఆ చిన్న ఏర్పాటు ఆ మహోత్సవం కంటే ఎక్కువ గుండెలను కాపాడుతుంది. ప్రతి పట్టణంలో ఒక్క వీధిని, రోజుకు రెండు గంటలు, అలా మూయడానికి అడ్డేమిటి? విజయవాడ, గుంటూరు, వరంగల్, కర్నూలు, ఏ ఊరికైనా ఒక వీధి దొరకదా?

2025 మే 14న సుప్రీంకోర్టు పాదచారులకు సరైన కాలిబాట ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. దివ్యాంగులకు కూడా అనువుగా ఉండాలని, ఆక్రమణలు తొలగించాలని చెప్పింది. మా మునిసిపాలిటీ వారు దీనికి అర్థం చెప్పుకున్న తీరు చూడండి: ఇడ్లీ బండిని తీసుకెళ్లారు. ట్రాన్స్‌ఫార్మరు అక్కడే ఉంది, నాయకుడి ఫ్లెక్సీ అక్కడే ఉంది, దుకాణం ముందు నిలిపిన రెండు కార్లూ అక్కడే ఉన్నాయి. బండి పెట్టుకున్నామెకు ఒక్క పూట సంపాదన పోయింది, నాకు ఒక్క అడుగు దారి కూడా రాలేదు.

అందుచేత ఇకపై నన్ను “ఈ వయసులో ఎందుకు” అని అడిగేవారికి ఒక పని అప్పగిస్తున్నాను. మీ ఇంటి గుమ్మం నుంచి దగ్గరి పార్కు దాకా నడవండి. ఎన్నిచోట్ల కాలిబాట దిగి రోడ్డు మీదకు రావలసి వచ్చిందో లెక్కపెట్టండి. మా ఇంటి నుంచి ఆరువందల మీటర్లు, పదిహేడు చోట్ల దిగవలసి వచ్చింది. ఆ పదిహేడూ ఫొటోలు తీసి, న్యాయస్థానం తీర్పు ప్రతిని జతచేసి, మునిసిపల్ కమిషనరు కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. నెల గడిచింది, జవాబు లేదు. సోమవారం మళ్లీ వెళ్తున్నాను. మా వీధివారు మరో ఆరుగురు సంతకాలు చేశారు. వారిలో ఒకరు నన్ను పరుగు మానమని సలహా ఇచ్చిన పెద్దాయనే.