షరాబుకు షజరా ఉంది, మన దూదికి లేదా?



మా భాంజా అమెరికాలో నాష్‌విల్‌లో ఉంటాడు. మొన్న ఫోన్ చేసి, "మామూ, మా ఆఫీసు వాళ్లంతా ఇక్కడ ఒక పాత విస్కీ కార్ఖానా చూడ్డానికి వెళ్తున్నారు. నేను తాగను, ఊరికే దాని కథ వినొస్తాను. వెళ్లొచ్చా?" అని అడిగాడు. వద్దన్నాను. షరాబ్ విషయంలో లానత్ తాగేవాడి ఒక్కడి మీదే కాదు. పిండేవాడు, మోసేవాడు, అమ్మేవాడు, దాని సొమ్ము తినేవాడు, ఇలా పది మంది మీద ఉందని హదీస్. ఇందులో బహస్ లేదు. వాడూ "సరే మామూ" అనేశాడు.

కానీ ఆ కథేమిటో చూద్దామని నేనే కూర్చుని చదివాను. చదివినప్పటి నుంచి దిల్‌లో ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

చార్లెస్ నెల్సన్ అని ఒక జర్మనీ కుర్రాడు. 1850లో వాళ్ల ఖాన్‌దాన్ అంతా అమెరికాకు ఓడెక్కింది. తండ్రి తన సబ్బుల కార్ఖానా అమ్మి, వచ్చిన సొమ్మును బంగారం చేసి బట్టల్లో కుట్టించుకున్నాడట. తుఫానులో సముద్రంలో పడ్డాడు. ఆ బంగారం బరువే ఆయన్ను ముంచేసిందని ఆ ఇంటివాళ్లు చెప్పుకుంటారు. 15 ఏళ్ల చార్లెస్ సబ్బులు చేశాడు, కసాయి పని చేశాడు, నాష్‌విల్ వచ్చి కిరాణా పెట్టాడు. 1870లో దగ్గర్లోని గ్రీన్‌బ్రయర్‌లో విస్కీ బట్టీ కొన్నాడు. 1891లో ఆయన పోయాక బేవా లూయిసా దాన్ని నడిపింది. 1909లో టెన్నెసీ రాష్ట్రం మద్యాన్ని నిషేధించడంతో తాళం పడింది.

దాదాపు వందేళ్ల తర్వాత, 2006లో ఆయన మునిమనవడి మనవళ్లు ఆండీ, చార్లీ అనే అన్నదమ్ములు తండ్రితో కలిసి మాంసం కోసం ఆ ఊరు వెళ్లారు. రోడ్డు పక్కన తమ తాత పేరున్న చారిత్రక ఫలకం కనబడింది. ఊరివాళ్లు దాచి ఉంచిన రెండు పాత సీసాలు చూపించారు. అంతే, ఆ పేరును మళ్లీ లేపుతామని బయల్దేరి, 2014లో నాష్‌విల్‌లో కార్ఖానా తెరిచారు.

ఈ విరాసత్ దాస్తాన్‌లో మతలబు లేకపోలేదు. 2012లో వాళ్లు మొదట అమ్మిన బెల్ మీడ్ సరుకు తాము కాచింది కాదు, ఇండియానాలో వేరేవాళ్లు కాచింది. సొంతంగా కాచింది తర్వాత వచ్చింది. 2019లో ఎక్కువ వాటా కాన్‌స్టలేషన్ బ్రాండ్స్ అనే పెద్ద కంపెనీ చేతికి పోయింది. తాత పేరు మాత్రం సీసా మీద అలాగే ఉంది. నఫ్స్‌కు దాహం కంటే కథే ఎక్కువ రుచి అని అమ్మేవాడికి బాగా తెలుసు.

అయినా నాకు గుచ్చుకున్నది అది కాదు. హరామ్ పేషా చేసిన తాత పేరును ఆ పిల్లలు ఫఖర్‌గా బోర్డు మీద రాసుకున్నారు. మరి మనం?

మా దాదా దూదేకేవారు. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి, జనం పరుపుల్లో గడ్డకట్టిన దూదిని ఏకి ఇచ్చేవారు. చెమటోడ్చి తెచ్చిన హలాల్ రిజ్ఖ్. అదే మాటను జనం తిట్టుగా వాడారు. మనవాళ్లే, "మేము షేకులం, సయ్యదులం" అనుకునేవాళ్లే, దస్తర్‌ఖాన్ మీద పక్కకు జరిగారు. పెట్టుడు పేర్లతో ఎగతాళి చేయొద్దని సూరా హుజురాత్ చెబుతుంది. దాన్ని తిలావత్ చేసి లేచిన నోటితోనే అన్నారు. జకరియ్యా అలైహిస్సలామ్ వడ్రంగం చేశారని జుమా బయానులో విని తల ఊపుతాం. ఇంట్లో నిస్బత్ మాటలొస్తే మాత్రం పేషా అడుగుతాం.

మా ఆపా నిస్బత్‌కు వచ్చినవాళ్లు అడిగితే, మా అబ్బా "కపడా కారోబార్" అన్నారు. పక్కనే ఉన్న నేను నోరెత్తలేదు. విల్లు అప్పుడే అటక ఎక్కింది.

నిన్న దాన్ని దించాను. తంత్రి తెగిపోయింది, కర్ర మాత్రం గట్టిగానే ఉంది. ఫొటో తీసి భాంజాకు పంపాను. కాసేపటికి జవాబొచ్చింది: "ఇదేంటి మామూ? ఏదైనా సాజ్‌నా, వాయిస్తారా?"

ఈ జుమా రోజు ఫోన్ చేసి మొత్తం చెబుతాను. ఆపా ఏమంటుందో చూడాలి.